ఆంగ్లేయులకు ఇటాలియను నేర్పిన ఫ్లోరియో

16వ శతాబ్దపు ఇంగ్లండులో ఇటాలియను భాష రాజాస్థానమున విద్యావంతులకు అలంకారమును, మధ్యధరా రేవులతో బేరము చేయు వర్తకులకు అక్కఱయు అయి యుండెను. ఎలిజబెత్తు రాణి దానిని ధారాళముగా మాటలాడెడిది. నేర్వగోరు తక్కినవారికి 1550లో విలియం థామస్ ప్రకటించిన వ్యాకరణము ఆంగ్లమున తొలి ఆధారము. దాంతె, పెట్రార్కు, బొక్కాచియోల కృతులు అర్థమగుటకై నిఘంటుసహితముగా కూర్చబడిన ఆ గ్రంథము పాఠకుని పండితుని చేయగలదే గాని, వెనిసు రేవున దిగినవానిచేత బస యెక్కడ దొరకునని అడిగింపజాలదు.

ఆ కొఱత తీర్చినవారిలో అగ్రగణ్యుడు జాన్ ఫ్లోరియో. ఇతని తండ్రి మికెలాంజెలో ఫ్రాన్సిస్కను సన్న్యాసిగా నుండి, ప్రొటెస్టెంటు మతమున చేరి, స్వదేశమున చెఱపాలై, తప్పించుకొని లండను చేరి, లేడీ జేన్ గ్రేకు ఇటాలియను చెప్పినవాడు. మేరీ రాణి యేలుబడిలో కాథలిక్కు మతము మరల నెలకొనగా, ఆ కుటుంబము ఇంగ్లండు విడిచి ఆల్ప్సు పర్వతములలోని సోల్యో గ్రామమున తలదాచుకొనెను. అచట పెరిగి, యౌవనమున జన్మస్థలమగు లండనునకు మరలివచ్చిన జాన్, 1578లో ‘ఫస్ట్ ఫ్రూట్స్’ అను పుస్తకమును అచ్చొత్తించెను.

ఆ పుస్తకమున పుట నిలువున రెండుగా చీలి, ఒకప్రక్క ఇటాలియనును, రెండవప్రక్క దానికి సరియగు ఇంగ్లీషును కనబడును. మొదట కుశలప్రశ్నలు, పిదప ప్రణయము, లోకవార్తలు, సామెతలు. వ్యాకరణసూత్రములు మాత్రము చిట్టచివర. ఈ క్రమమునందే ఫ్లోరియో ప్రతిభ యున్నదని నా తలంపు. నామము తుది అచ్చునుబట్టి వచనము మారుటయు (లీబ్రో ఒక పుస్తకము, లీబ్రి పెక్కు; కాజా ఒక ఇల్లు, కాజె పెక్కు), క్రియారూపమునుబట్టియే కర్త తెలియుటయు, అట్టి ప్రత్యయములు చాలవఱకు రాలిపోయిన ఇంగ్లీషు మాటలాడువానికి మింగుడుపడని సంగతులు; ‘వచ్చితిని’ అనిన చాలును, ‘నేను’ అననక్కఱలేదని యెఱిగిన అజంతభాషీయులమగు మనకు అవి అంతటి గండములు గావు. కావున ఆంగ్లశిష్యుని నాలుక తిరిగిన పిమ్మటనే ఫ్లోరియో వానిని సూత్రముల జోలికి పంపెను.

అందొక సంభాషణలో, ఇంగ్లీషు ఇంగ్లండున పనికివచ్చునేమో గాని డోవరు దాటిన కొఱగాదని ఒక పాత్ర నిర్మొహమాటముగా పలుకును. వీధివీధిని ఇంగ్లీషు బడులున్న మన కాలమున ఈ మాట చదువుట వింతగా నుండును. రొక్కమిచ్చి చదువుకొన్న ఆంగ్లేయులు మాత్రము కోపగించినట్లు లేదు.

1591లో వెలువడిన ‘సెకండ్ ఫ్రూట్స్’ మఱింత సరసము. తొలి ప్రకరణమున టొర్క్వాటో అను పెద్దమనిషి నిద్రలేచి, రుస్పా అను సేవకుని కేకవేసి, దుస్తులు తెమ్మని తొందరపెట్టుచుండగా, విద్యార్థికి పడకగది సామగ్రియంతయు పేరుపేరున పరిచితమగును. ఆ వేళకు వచ్చిన మిత్రుని పేరు నొలానో. ఫ్రెంచి రాయబారి యింట ఫ్లోరియోతోపాటు వసించిన తత్త్వవేత్త జ్యోర్డానో బ్రూనో తన్ను తాను చెప్పుకొనిన పేరిది. దానిని ఫ్లోరియో చమత్కారముగా పాఠములోనికి తెచ్చెను.

1598 నాటి అతని నిఘంటువు 1611లో మిక్కిలి పెరిగి ఆన్ రాణి పేర మరల వెలువడెను. తన్ను ఆదరించిన ఆమె గతించిన పిమ్మట అతడు లేమిలో క్రుంగి, 1625లో ఫుల్హామున మరణించెను. అతడు విడిచిన వ్రాతప్రతులను చేకొని, లండనుననే ఇటాలియను పాఠములు చెప్పుకొను జ్యోవన్ని టొర్రియానో, ఇంగ్లీషునుండి ఇటాలియనునకు పోవు భాగమును క్రొత్తగా చేర్చి, 1659లో ఆ నిఘంటువును మరల ముద్రింపించెను.