కోసినవారి నోట కోతల కథ

గ్రామచరిత్ర యనగానే మనకు శాసనములు, దేవాలయములు, దండకవిలెలు, జమీందారుల వంశావళులు జ్ఞప్తికి వచ్చును. పొలము దున్నిన వృద్ధుని చెంత కూర్చుండి, “తాతా, నీ చిన్ననాట కోతలు ఎట్లు జరిగెడివి?” అని అడిగి, ఆయన చెప్పినదానిని చరిత్రయని వ్రాసికొనుట మాత్రము మొన్నమొన్న మొదలైన పని. ఇంగ్లండులో దీనికి త్రోవ తీసినవారిలో జార్జి యువార్ట్ ఎవాన్సు ముఖ్యుడు. ఆయనకు ఆ త్రోవ కనబడిన చోటు సఫక్ మండలమందలి బ్లాక్స్‌హాల్ అను చిన్న పల్లె. ఆ పల్లెను మేము కన్నులార చూచి యెరుగము. ఎవాన్సు గ్రంథముల మూలముననే అచ్చటి రొట్టెల పొయ్యియు, గుఱ్ఱపుసాలయు, కోతచేలును మాకు పరిచితములైనవి.

ఎవాన్సు ఆ ప్రాంతపువాడు కాడు. అసలు ఆంగ్లేయుడే కాడు. 1909లో దక్షిణ వేల్సునందు అబర్‌కనన్ అను బొగ్గుగనుల ఊరిలో, అంగడి నడుపుకొను ఇంట పుట్టెను. కార్డిఫ్ నగరమున గ్రీకు, లాటిను భాషలు చదివెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున వైమానికదళములో కొలువు చేసెను. 1948లో ఆయన భార్యకు బ్లాక్స్‌హాల్ బడిలో ఉపాధ్యాయపదవి లభింపగా సంసారము అచటికి కదలినది. ఆమె బడికి పోవును; ఈయన పిల్లలను చూచుకొనుచు, కథలు వ్రాసికొనుచు ఇంటిపట్టున నుండును. పైగా ఆయనకు వినికిడి నానాటికి సన్నగిల్లుచుండెను. నోటిమాటకు చరిత్రలో పీట వేయించిన మనుష్యునకు చెవులు సరిగా వినబడకపోవుట విధివిలాసమే. చెవులు చక్కగా నున్న మాబోటి రేడియోవారము ఎన్ని మాటలను వినియు విననట్లు పోనిచ్చితిమో తలచుకొన్నచో సిగ్గగును.

పొరుగింట రాబర్ట్ సావేజ్ అను వృద్ధుడు, ఆయన భార్య ప్రిసిల్లా కాపురముండిరి. ఆయన జీవితమంతయు గొఱ్ఱెల మందలను కాచి విశ్రాంతి గైకొన్నవాడు. సాయంకాలములందు ఎవాన్సు ఆ యింటికి పోయి కూర్చుండెడివాడు. మొదట అది కాలక్షేపము. పిమ్మట ఆయనకు ఒక విషయము స్ఫురించినది. ఈ దంపతులు సహజముగా వాడు మాటలలో కొన్ని ఆయన పుస్తకములలో మాత్రమే చూచినవి. పదునాఱవ శతాబ్దమున సఫక్‌లోనే సేద్యము చేసి, వ్యవసాయధర్మములను పద్యములుగా కూర్చిన థామస్ టస్సర్ గ్రంథమును చదువుటకు నేటి పండితులకు అర్థవివరణ కావలెను. ఆ గొఱ్ఱెలకాపరికి అక్కఱలేదు. ఆ మాటలు ఆయన ఇంటిమాటలు. మన పల్లెలలోను ఇట్టిది జరుగుచునే యుండును. ఎవరో రైతు ఒక మాట అనును; మోటుమాటయని మనము నవ్వుదుము; తీరా శబ్దరత్నాకరము తెఱచినచో ఆ మాట ప్రాచీనకావ్యమునందలి ప్రయోగముగా కనబడి మన నవ్వు మాయమగును.

ఆ సాయంకాలముల ఫలమే 1956లో వెలువడిన ఆయన గ్రంథము. గడ్డి కోసినవారినే అడుగుడని దాని పేరునకు అర్థము. పేరులోనే సిద్ధాంతమంతయు నున్నది.

అందులో రొట్టెను గూర్చి చెప్పిన భాగమును మేము పలుమాఱులు చదివితిమి. వారమున కొకసారి ఇంటి యిల్లాలు ఇటుకలపొయ్యిలో చితుకులు, ముండ్లకంపలు వేసి మండించి, ఆ నిప్పులను ఊడ్చివేసి, కాగిన ఇటుకల వేడిమిమీదనే వారమునకు సరిపడు రొట్టెలు కాల్చును. పొయ్యి ఎంత కాగినదో చెప్పుటకు యంత్రమేదియు లేదు. ఇటుకల రంగు చూచి తెలిసికొనవలెను. పిండి ఎక్కడిది? పెక్కిండ్లలో అది పరిగె యేరిన గోధుమ. పెద్దరైతు చేను కోసి, పంట తరలించి, ఒక్క కట్టను మాత్రము చేనిలో నిలిపియుంచును. దానికి వారు పెట్టిన పేరు ‘పోలీసు’. ఆ పోలీసు నిలిచియున్నంతవఱకు చేనిలో అడుగిడరాదు. దానిని తీసివేసిన క్షణమున స్త్రీలు, పిల్లలు బిలబిల చేనిలోనికి దిగుదురు. కొన్ని ఊళ్లలో పరిగె మొదలిడుటకును, ముగించుటకును చర్చిగంట మ్రోగించెడివారు. నడుము వంచి దినమెల్ల ఏరిన వెన్నులు చలికాలమందు ఆ యింటి రొట్టె. పరిగె యేరుట మన చేలలోను ఎఱిగినదే కాబట్టి, ఆ స్త్రీల నడుమునొప్పి మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

కోతలకు ఒక నాయకుడుండును. అతనిని ‘కోతల ప్రభువు’ అనిరి. అతని వెనుక రెండవవానికి ‘దొరసాని’యని పేరు, పురుషుడే యైనను! పంటంతయు ఇంత సొమ్మునకు కోసి పెట్టెదమని రైతుతో బేరమాడువాడు ఈ ప్రభువే. చేనిలో పొడుగుపిడి కొడవలితో ముందు నడచువాడును అతడే. తక్కినవారు అతని వెనుక వరుసతప్పక, అతని వేగమునకు తగినట్లు కోయవలెను. ఏడాదిపొడుగున కూలిడబ్బులతో ఎట్లో నెట్టుకొనివచ్చు సంసారమునకు ఇంటి అద్దెయు, పిల్లల బూట్లును ఈ కోతసొమ్మునుండియే రావలెను. ఆ బేరము చెడినచో ఏమగునో ప్రభువునకు బాగుగ తెలియును.

గుఱ్ఱపుసాలలోను అట్టి వరుసయే. ట్రాక్టర్లు రాకపూర్వము ఆ మండలమున దుక్కి యంతయు సఫక్ పంచ్ అను ఎఱ్ఱని బలిసిన గుఱ్ఱములది. సాలలో పెద్దవాడు తన జతను వెలుపలికి తోలినగాని రెండవవాడు కదలడు. రెండవవాడు కదలినగాని మూడవవాడు కదలడు. దుక్కికి పోవుటకు రెండుగంటల ముందు లేచి గుఱ్ఱములకు మేత వేయవలెను; తిన్నది అరుగకయే కాడి మెడకెక్కింపరాదు. ఈ నియమములు ఏ కాగితముననూ లేవు. 1960లో ఎవాన్సు ఈ గుఱ్ఱపువాండ్ర కొఱకు ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసెను. అప్పటికే సాలలు చాలవఱకు ఖాళీ యైనవి.

చరిత్రపండితులు కొందఱు ఈ పద్ధతిని ఒప్పుకొనలేదు. ముసలివారి జ్ఞాపకము జల్లెడవంటిది, దానిని నమ్ముట యెట్లని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. బ్లాక్స్‌హాల్‌లోనే ఒక నిదర్శనమున్నది. ఆ ఊరి ఒక రైతు ముంగిట సుమారు ఐదు టన్నుల రాయి యొకటి కలదు. హిమయుగమున మంచునదులు మోసుకొనివచ్చి విడిచిపోయిన రాయియని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఊరివారు చెప్పునది వేఱు: పూర్వమొకనాడు నాగలికి తగిలి పైకి వచ్చినప్పుడు అది చిన్న రొట్టెముద్దంత యుండెనట, అచట పాఱవేయగా పెరిగి పెరిగి ఇంతయైనదట. యాగంటి బసవన్న పెరుగుచున్నాడని నమ్ము మనకు ఈ మాటను ఎగతాళి చేయుటకు నోరు రాదు. రాయి పెరుగలేదనుట నిజము. అయితే ఏటేట చేలలో క్రొత్తక్రొత్త రాళ్లు పైకి తేలుట చూచినవారు, రాళ్లు నేలలో పెరుగుననుకొనుట విచిత్రమా? ఎవాన్సు అట్టి నమ్మకమును అబద్ధమని త్రోసివేయక, ఆ మనుష్యుల మనస్సునకు అది వాకిలియని తలచెను.

మఱియొక నిదర్శనము దీనికి ఎదురు. కోతలు ముగిసిన పిదప సఫక్ పడుచువాండ్రు రైలెక్కి, దేశమునకు నడుమనున్న బర్టన్ పట్టణమునకు పోయి, బార్లీని మొలకెత్తించి మాల్టు చేయు కొట్లలో చలికాలమంతయు పనిచేసి, వేసవి ముఖమున తిరిగి వచ్చెడివారని వృద్ధులు చెప్పిరి. ఈ వలసను గూర్చి చరిత్రగ్రంథములలో మాటయే లేదు. ఎవాన్సు ఆ త్రోవ పట్టుకొని వెదకగా బర్టన్ బీరు సంస్థ దప్తరములలో ఆ పనివాండ్ర పేర్ల పట్టీలు బయల్పడినవి. ముసలివారు చెప్పనిచో ఆ పట్టీలను విప్పవలెనని ఎవరికి తోచును?

దొరికిన కాగితమంతయు ఒకవైపుననే మాటలాడుట మఱియొక చిక్కు. 1874లో తూర్పు మండలములలో కూలీల సంఘమున చేరినవారికి పెద్దరైతులు పని మూసివేసిరి. రైతుల ఖాతాపుస్తకములు మిగిలినవి. వారి ఉత్తరములు మిగిలినవి. పని పోయిన ఇంట ఆ వారము ఏమి వండుకొనిరో ఏ ఖాతాలో నుండును? అంతకు ఎనిమిదివందల ఏండ్లకు ముందు, 1086లో, విలియము రాజు వ్రాయించిన డూమ్స్‌డే లెక్కలలో సఫక్ మండలపు పందులు, గొఱ్ఱెలు సైతము గణింపబడినవి. వానిని కాచినవాని పలుకు ఒక్కటియు లేదు.

ఈ లోపము వారిదే యనుకొనరాదు. స్కాట్లండునకు చెందిన లూయిస్ దీవిలో, స్టోర్నవే పట్టణమున పుట్టిన కాలిన్ మెకంజీ మన దేశమునకు వచ్చి, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సాయమున తెలుగు గ్రామముల కైఫియత్తులను సేకరింపజేసెను. ఆయన 1821లో మరణించెను. ఆ ఋణము మనము తీర్చుకొనలేనిది. అయినను కైఫియత్తులలో వినబడు గొంతు చాలవఱకు కరణముది, స్థానికునిది, అగ్రహారీకునిది. మెకంజీ పరిచారకులు ఊరిపెద్దలను అడిగిరి. కోతకూలిని అడుగవలెనని ఆ కాలమున ఎవరికిని తోచలేదు.

ఎవాన్సునకు 1956 ప్రాంతమున బి.బి.సి. వారు టేపురికార్డరు ఎరువిచ్చిరి. అంతవఱకు కాగితముమీదికి ఎక్కినది మాట. ఇక ఎక్కినది గొంతు. ఆయన 1988లో గతించెను గాని ఆ త్రోవ మూతపడలేదు. 1999లో బి.బి.సి. వారి నలువది స్థానిక కేంద్రములు ఊరూర తిరిగి ఐదువేలకు పైబడిన మనుష్యుల జ్ఞాపకములను సేకరించి, 640 కార్యక్రమములు ప్రసారము చేసినవి. ఆ సంభాషణలు బ్రిటిషు గ్రంథాలయమున భద్రపఱుపబడినవి. ప్రసారమైన అరగంట ముక్కలను మాత్రమేగాక, పూర్తి సంభాషణలను దాచుట మెచ్చదగిన పని.

అయితే దాచుటలోను ఒక వింత జరిగినది. డూమ్స్‌డే లెక్కలకు తొమ్మిదివందల ఏండ్లు నిండిన 1986లో దేశమందలి బడిపిల్లలు, పెద్దలు, పదిలక్షలమందికి పైగా కూడి తమ తమ ఊళ్ల సంగతులు, చిత్రములు సేకరింపగా, వానిని లేజరు పళ్లెరములలో ఎక్కించిరి. పదునైదేండ్లు తిరుగకుండగనే ఆ పళ్లెరములను చదువగల యంత్రములు అరుదై, సాంకేతికనిపుణులు పూనుకొని వానిని ఉద్ధరింపవలసి వచ్చినది. 2011లో బి.బి.సి. వారు ఆ సామగ్రిని ఇంటర్నెట్‌లో మరల లోకమునకు చూపిరి. విలియము రాజు తోలుకాగితములు మాత్రము నేటికిని లండనులోని క్యూ దప్తరములో చక్కగా చదువ వీలుగానే యున్నవి.

తోలుకాగితము మాట వచ్చినది గనుక మా తప్పొకటి చెప్పుకొనక తప్పదు. మేము ఈ ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో, ఇరువదియేండ్లకు పూర్వము, అనంతపురము వైపు ఒక పల్లెలో కపిల తోలిన వృద్ధుని కలిసికొంటిమి. విద్యుత్తు మోటారు రాకమునుపు, తోలుబొక్కెనకు జత ఎద్దులను కట్టి, బావి వాలున దింపుచు ఎక్కించుచు ఆయన ముప్పదియేండ్లు నీరు తోడెనట. ఎద్దుల నడకకు తగిన పాట పాడి వినిపించెను. నలువది నిమిషములు మాటలాడెను. ప్రసారమైనది నాలుగు నిమిషములు. మిగిలిన టేపును మేమే చెరిపి, మఱునాటి వ్యవసాయదారుల కార్యక్రమమునకు వాడుకొంటిమి. టేపులకు కొఱత యుండెననుట నిజమే గాని, ఒక్క టేపునకు కొఱత లేదు. ఆ సంవత్సరము ముగియకమునుపే ఆయన పోయెను.

ఎవాన్సు గ్రంథమును మేము చదివినది అటుపిమ్మట. ఆ రాత్రియే పాత నోటుపుస్తకము వెదకి తీసితిమి. అందు తేదీ యున్నది; ఊరిపేరున్నది; బావిలోతు ఎనిమిది మట్టులని యున్నది. పాట లేదు. పుట అంచున పెన్సిలుతో ఆయన ఎద్దుల పేర్లు మాత్రము వ్రాసికొనియుంటిమి: ఒకటి రాముడు, రెండవది మల్లెగాడు.