నీళ్లకు రెండో పని

బియ్యం కడిగిన నీళ్లను సింకులో పారబోయడం తెలుగు ఇళ్లకు చాలా కొత్త అలవాటు. పాడి ఉన్న ఇంట్లో ఆ కడుగు నేరుగా కుడితి గోలెంలోకి వెళ్లేది. వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, గుప్పెడు తవుడు అన్నీ అందులోనే. సాయంత్రం మేత నుంచి వచ్చిన గేదె మూతి పెట్టిందంటే గోలెం అడుగు కనిపించాల్సిందే. గంజి అంతా గేదెకే దక్కేది కాదులెండి. కొంత పంచెలకూ నేత చీరలకూ పెట్టేవారు. కోస్తాలో కొన్ని ఇళ్లలో దాన్ని కుండలో పులియబెట్టి తరవాణి చేసేవారు.

స్నానాల నీళ్లకు, అంట్ల నీళ్లకు దారి వేరు. నూతి చప్టా మీంచి సన్నటి కాలువ పెరట్లోకి పారేది. దాని వెంట అరటి, చేమ, మెట్టతామర. మూడూ తడి కోరే మొక్కలే, చోటు చూసుకుని పెట్టినవే. అంట్లు తోమేది బూడిద, కొబ్బరి పీచుతో; తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి. ఆ మురుగుతో మొక్కలకు పేచీ ఉండేది కాదు.

ఇదంతా పెద్దల పొదుపు బుద్ధి అని మెచ్చుకుంటే సగమే నిజం. అసలు కారణం చేద బరువు. పదిహేను లీటర్ల బిందెలు పది నింపాలంటే నూట యాభై కిలోల నీళ్లు గిలక మీద పైకి లాగాలి. లాగేది ఎక్కువగా ఆడవాళ్లు. ఇక ఊరి బావిలో చేద వేసే హక్కే లేని దళితవాడల సంగతి మరీ ఘోరం. పైకులం వాళ్లు వచ్చి తోడి పోసేదాకా కడవ పట్టుకుని ఎదురుచూడాలి. అక్కడ నీటి పొదుపు ఒకరు నేర్పాల్సినది కాదు, ఒకరు రుద్దినది.

హైదరాబాద్‌లో ఈ చేద లెక్క మార్చింది మూసీ నది. 1908 సెప్టెంబరు వరద నగరాన్ని ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఎగువన జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీరూ ఇచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఊరు వదలరనే మాట కూడా ఉంది.

కుళాయి వచ్చాక చేతుల నొప్పి పోయింది, నీళ్ల మీద ఆ లెక్కా పోయింది. కానీ కుళాయి ఒక్కదాన్నే అనడం అన్యాయం. ప్రెషర్ కుక్కర్ వచ్చి అన్నం వార్చే పనే లేకుండా చేసింది, దాంతో గంజి మాయమైంది. పాల ప్యాకెట్ వచ్చి గేదెను ఇంటి నుంచి పంపించేసింది. పెరటి మీద అపార్ట్‌మెంట్ లేచింది. రెండో పని చేయడానికి నీళ్లకు చోటే మిగల్లేదు.

హైదరాబాద్ నగరం మాత్రం నీళ్ల కోసం దూరం వెళ్తూనే ఉంది. మంజీరా, సింగూరు అయ్యాక వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కృష్ణా నీళ్లు తెచ్చుకుంది. ఈలోగా 2000లో నీటి సంరక్షణకు నీరు-మీరు కార్యక్రమం, 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చి, ఇంకుడు గుంత అనే మాట ఇంటింటికీ చేరింది. 2021 జనవరి నుంచి నగరంలో గృహ కనెక్షన్‌కు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం. రోజుకు మనిషికి 135 లీటర్లు అనే నగర ప్రమాణంతో చూస్తే అయిదుగురున్న ఇంటికి ఇంచుమించు సరిపోతుంది. ఆ ఉచితానికి మీటరు షరతు పెట్టారు. లీటర్లు లెక్కపెట్టే పని మళ్లీ ఇంట్లోకి వచ్చింది.

ఇప్పటి వంటింట్లో కడుగు పాత్ర పోషిస్తున్నది ఆర్వో ఫిల్టరు వదిలే నీళ్లు. లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పోసే యంత్రాలు మామూలే. సన్నటి ఆ పైపును బకెట్‌లో వేసి, ఇల్లు తుడవడానికో బాత్రూమ్ కడగడానికో వాడుతున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. మొక్కలకు మాత్రం ఆ నీళ్లు రోజూ పోయకూడదు, వాటిలో ఉప్పు ఎక్కువ.