గిట్ ఎర్రర్ మెసేజ్‌లలో సూచనలు: చరిత్ర

వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ గిట్‌లో ఏదైనా కమాండ్ విఫలమైతే, తప్పేమిటో చెప్పాక తర్వాత ఏం చేయాలో చెప్పే వరుసలు కూడా చాలాసార్లు కనిపిస్తాయి. ‘హింట్’ అన్న మాటతో మొదలయ్యే ఈ వరుసలు గిట్ పుట్టిననాడు లేవు. వాడేవాళ్లు తడబడిన చోటల్లా ఒక్కొక్కటిగా చేరుతూ వచ్చాయి.

లినక్స్ కెర్నల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్‌ను మొదలుపెట్టారు. జూలైకల్లా నిర్వహణ బాధ్యత జూనియో హమానో తీసుకున్నారు. తొలినాళ్లలో వాడినవాళ్లంతా కెర్నల్ ప్రోగ్రామర్లే కాబట్టి మెసేజ్‌లూ వాళ్ల ధోరణిలోనే ఉండేవి. సిస్టమ్‌లో యూజర్ వివరాలు దొరక్కపోతే ‘నువ్వసలు లేవు, పో!’ అని తిట్టి కమాండ్ ఆగిపోయేది. పేరు మరీ పొడవైతే తల్లిదండ్రుల ప్రస్తావన కూడా తెచ్చేది. తెలిసినవాళ్ల మధ్య అది సరదాయే. మొదటిరోజు గిట్ ముందు కూర్చున్న విద్యార్థికి మాత్రం అవమానం. ఆ వాక్యాలను 2012లో తీసేశారు.

దారి చూపడం గిట్‌తోనే మొదలవలేదు. మరో వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ సబ్‌వెర్షన్‌లో ఫోల్డర్‌కు తాళం పడితే, ‘క్లీనప్’ కమాండ్ నడపమని ఆ ఎర్రరే చెప్పేది. గిట్‌తో పాటే 2005లో వచ్చిన మెర్క్యూరియల్ కూడా తర్వాతి అడుగును బ్రాకెట్లలో సూచిస్తుంది.

గిట్‌లో గుర్తుంచుకోదగ్గ మెరుగుదల 2008 డిసెంబరు నాటి 1.6.1 వెర్షన్‌లో వచ్చింది. కమాండ్ పేరులో అక్షరం తప్పితే, దానికి దగ్గరగా ఉన్న పేర్లను డామెరౌ-లెవెన్‌స్టైన్ లెక్కతో వెతికి చూపుతుంది. మరుసటి ఏడాది సూచనలను ఒక్కొక్కటిగా ఆపేసుకునే సెట్టింగ్‌లు చేరాయి. ఇది చిన్న విషయం కాదు. అనుభవజ్ఞులకు విసుగు తెప్పించకుండానే కొత్తవాళ్లకు వివరంగా చెప్పే వీలు దానివల్లే కలిగింది.

అన్నిటికంటే ఎక్కువ చెక్కుడు పడింది పుష్ తిరస్కరణ మెసేజ్‌కి. ఇద్దరు ఒకే బ్రాంచ్‌పై పనిచేస్తూ ఒకరు ముందుగా సర్వర్‌కు పంపితే, రెండోవారి పుష్‌ను గిట్ ఆపేస్తుంది. ‘నాన్ ఫాస్ట్ ఫార్వర్డ్’ అన్న ముక్క చూస్తే కొత్తవారికి ఏమీ బోధపడదు. అందుకే చరిత్ర చెరిగిపోకుండా ఆపామనీ, ముందు అవతలి మార్పులను కలుపుకోమనీ వివరణ జోడించారు. కానీ వెనకబడింది ఇప్పుడు పనిచేస్తున్న బ్రాంచ్ కాక మరొకటైతే, ఆ సలహా పాటించినా పుష్ మళ్లీ ఆగేది. 2012లో సందర్భాన్ని బట్టి సూచనను విడగొట్టారు. 2013లో, మీ దగ్గర లేని మార్పులు సర్వర్‌లో ఉంటే ముందు ‘ఫెచ్’ చేయమని వేరుగా చెప్పడం మొదలైంది. సలహా తప్పయితే ఎంత మర్యాదగా చెప్పినా లాభం లేదని ఆ మార్పులు చేసినవాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు.

కొన్ని సూచనలు కమాండ్లనే మార్చాయి. స్టేజ్ చేసిన ఫైల్‌ను వెనక్కి తీయడానికి ‘రీసెట్’ వాడమని ‘స్టేటస్’ కమాండ్ చెప్పేది. అదే రీసెట్ మరో రూపంలో చేసిన పనినంతా తుడిచేయగలదు. 2019 ఆగస్టులో 2.23 వెర్షన్ ‘రిస్టోర్’ కమాండ్‌ను తెచ్చి సూచనను కూడా దానివైపు తిప్పింది. కొత్త బ్రాంచ్‌కు అప్‌స్ట్రీమ్ (సర్వర్‌లో దానికి జతయ్యే బ్రాంచ్) లేదన్న ఎర్రర్, కాపీ చేసుకోవడానికి సిద్ధంగా పూర్తి కమాండ్‌ను ఇచ్చేది. 2022 జూన్‌లో 2.37 ఆ పనిని తనంతట తానే చేసే సెట్టింగ్‌ను ఇచ్చింది.

అతిగా చెప్పినా ఇబ్బందే. 2020 జూన్‌లో వచ్చిన 2.27 నుంచి, మెర్జ్ కావాలో రీబేస్ కావాలో ముందే తేల్చుకోని వారందరినీ ‘పుల్’ కమాండ్ హెచ్చరించేది. బ్రాంచ్‌లు చీలకపోయినా ఆ పొడవాటి పాఠం తెర మీదికొచ్చేది. తర్వాత దాన్ని నిజంగా చీలిక ఉన్న సందర్భాలకే పరిమితం చేశారు. 2021 అక్టోబరులో 2.33.1, అలాంటి చోట నిర్ణయం చెప్పేదాకా పుల్‌ను ఆపేసింది.

2024 జూలైలో విడుదలైన 2.46 సూచనలన్నిటినీ ఒక్కసారిగా ఆపే ఆప్షన్‌ను చేర్చింది. అది ముఖ్యంగా స్క్రిప్టుల కోసం.