యంత్రము ఎందుకు ఆగినది?

గత వేసవిలో ఒక మధ్యాహ్నము తొంబది యేండ్లు సమీపించిన ఒక జానపద గాయకుని పాటను ప్రసారమునకు సిద్ధము చేయుచుంటిని. నెల దినముల క్రితము ఆయన యూరికి పోయి మేము రికార్డు చేసి తెచ్చిన పాట అది. తరువాత పది దినములకే ఆ వృద్ధుడు కాలధర్మము నొందెను. పాటను సగము సవరించితినో లేదో, బల్లమీది ల్యాప్‌టాప్ తెర ఒక్కసారిగా నీలవర్ణము దాల్చి, యంత్రము తనంతట తానే ఆగి మరల మొదటినుండి ప్రారంభమయ్యెను. అరగంట గడచునో లేదో, ఈసారి నీలితెరయైనను లేక, దీపమార్పినట్లు చీకటి. ఆ వారములో పదునొకండు పర్యాయము లిట్లు జరిగినది. రికార్డింగు పరికరములోని కార్డును వేరొక యూరి కార్యక్రమమునకై అప్పటికే తుడిచివేసియుంటిమి. ఆ పాటకు రెండవ ప్రతి లేదు.

యంత్రము బాగుపడువరకు నేను పడిన పాట్లు శ్రోతలకు పనికివచ్చునవి కావు. ఆ పాట్లనడుమ, ఆగిపోవు గణకయంత్రములతో పూర్వులెట్లు వేగిరో తెలిసికొనవలెనను కోరిక నాకు కలిగినది. ఆ చరిత్ర మాత్రము వినదగినది.

1946 ఫిబ్రవరిలో అమెరికా దేశమునందలి ఫిలడెల్ఫియా నగరమున, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారి మూర్ స్కూలులో ఎనియాక్ అను గణకయంత్రమును లోకమునకు చూపిరి. దాని బరువు సుమారు 30 టన్నులు. అందలి వాల్వులు 17,468. మన యిండ్లలోని పాత రేడియో పెట్టెలలో అయిదారు వాల్వు లుండెడివి. వానిలో నొక్కటి కాలిపోయినచో ఆ సాయంకాలము ఇల్లంతయు వార్తలు లేక చిన్నబోయెడిది. మరి పదునేడువేల వాల్వులలో ఏ యొక్కటి చెడినను లెక్క తప్పు యంత్రమును నడపుట సాధ్యమా యని ఆనాటి ఇంజనీర్లే పలువురు శంకించిరి.

ఆ యంత్రమును జాన్ మాక్లీతో కలిసి నిర్మించిన ప్రెస్పర్ ఎకర్ట్ ఆ శంకను తేలికగా త్రోసివేయలేదు. వాల్వులు తట్టుకొనగలిగిన వోల్టేజికంటె తక్కువ వోల్టేజిపైననే వానిని నడిపించెను. అంతకంటె ముఖ్యమైన సంగతి అనుభవముచే తెలిసినది. వాల్వులలో పెక్కు పనిచేయుచుండగా గాక, యంత్రమును వేడెక్కించునప్పుడును చల్లార్చునప్పుడును చెడుచుండెను. కాగిన లోహము వ్యాకోచించును, చల్లారినది సంకోచించును. ఈ రెండింటి నడుమ సన్నని తీగ అలసి తెగును. కనుక యంత్రమును రాత్రింబవళ్ళు ఆర్పకుండ నుంచసాగిరి. తరువాతి కాలమున రెండు దినములకొక వాల్వు చొప్పున మాత్రమే చెడెడిదనియు, చెడినచోటు పావుగంటలో దొరకెడిదనియు ఎకర్ట్ చెప్పెను. 1954లో ఒకమారు ఎనియాక్ 116 గంటలు ఎడతెగక పనిచేసినది. ఆ యంత్రము జీవితకాలములో అదియే మిక్కిలి దీర్ఘమైన పరుగు. అయిదు దినములైనను నిండలేదు!

చెడిన చోటును పట్టుకొనుటలో ఆరుగురు స్త్రీల పాత్ర కలదు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బిలాస్, రూత్ లిక్టర్మన్ అనువారు ఎనియాక్‌నకు లెక్కలను అమర్చు పనిలో నియుక్తులైరి. వారికి పాఠ్యగ్రంథము లేదు; యంత్రపు పటములను ముందు పెట్టుకొని దాని నడక నేర్చుకొనిరి. అట్లు నేర్చుటవలన, సమాధానము తప్పినపుడు ఆ తప్పు ఏ భాగమున పుట్టినదో, తుదకు ఏ వాల్వు దగ్గర పుట్టినదో చెప్పగలవారైరి. యంత్రమును లోకమునకు చూపిన నాడు వారి పేర్లు ఎవరును చెప్పలేదు. ఆ కథ నలువది యేండ్లకు పైబడి మరుగుననే యుండెను.

మరుసటి సంవత్సరమే ప్రసిద్ధమైన పురుగు ఘట్టము. హార్వర్డ్ విశ్వవిద్యాలయమున హోవర్డ్ ఐకెన్ పర్యవేక్షణలో నిర్మింపబడిన మార్క్ టూ అను యంత్రము వాల్వులతో గాక రిలేలతో నడుచునది. 1947 సెప్టెంబరు 9వ తేదీన అది సరిగా పనిచేయకుండెను. ఎఫ్ అను ఫలకమునందలి 70వ సంఖ్య గల రిలే నోటిలో ఒక శలభము, మన దీపముల చుట్టు తిరుగు రెక్కల పురుగు, చిక్కి చచ్చియుండుట ఆపరేటర్లు చూచిరి. దానిని తీసి లాగ్ పుస్తకములో అతికించి, నిజమైన పురుగు దొరకిన మొదటి సందర్భ మిదియే యని ప్రక్కన హాస్యముగ వ్రాసిరి. యంత్రదోషమును పురుగని పిలుచుట ఆనాడే పుట్టినదని పలువురు చెప్పుదురు. అది సరి కాదు. 1878లోనే థామస్ ఎడిసన్ ఒక లేఖలో ఆ మాటను ఈ యర్థమున వాడియుండెను. మాట పాతది కనుకనే ఆ హాస్యము పండినది.

నన్నడిగినచో ఆ పుటలో పురుగుకంటె విలువైన దింకొకటి కలదు. 15 గంటల 25 నిమిషములకు కూడికల విభాగమును మాత్రము వేరుగా పరీక్షింప మొదలిడినట్లును, 15 గంటల 45 నిమిషములకు పురుగు దొరకినట్లును అందు వ్రాసియున్నది. అనగా యంత్రమంతయు ఒక్కసారి విప్పి వెదకలేదు. ఒక భాగమును వేరుచేసి, దానికొక పరీక్ష పెట్టి, గడియారము చూచి వ్రాసికొనిరి. ఇరువది నిమిషములు పట్టినది. ఆ పుట పురుగుతో సహా నేటికిని వాషింగ్టన్ నగరపు అమెరికా చరిత్ర మ్యూజియమువారి సంగ్రహమున నున్నది.

దాదాపు ఆ దినములలోనే బెల్ పరిశోధనశాలలో రిచర్డ్ హామింగ్ అను గణితవేత్త తన లెక్కలను శని ఆదివారములలో రిలే యంత్రమునకు అప్పగించి యింటికి పోవుచుండెడివాడు. ఆ యంత్రము తప్పు జరిగినదని మాత్రము గుర్తింపగలదు. పనిదినములలో తప్పు కనబడినపుడు దగ్గర నున్న మనుష్యులు సవరించెడివారు. సెలవు దినములలో ఎవరును లేరు గనుక, యంత్రము ఆ లెక్కను వదలి తరువాతివాని లెక్క పట్టుకొనెడిది. హామింగ్ సోమవారము వచ్చి చూచుసరికి ఏమియు లేదు. వరుసగ రెండు వారములు ఇట్లు జరుగగా ఆయనకు ఒళ్ళు మండినది. తప్పున్నదని తెలిసికొనగల యంత్రము, ఆ తప్పెక్కడ నున్నదో తెలిసికొని తానే దిద్దుకొనరాదా యని ప్రశ్నించుకొనెను. ఆ కోపఫలముగా పుట్టినదే 1950లో ఆయన ప్రకటించిన దోషసవరణ సంకేతపద్ధతి. సంఖ్యలతోపాటు కొన్ని సాక్షి సంఖ్యలను అదనముగ నుంచినచో, ఒక్క అంకె చెడినను ఏ యంకె చెడినదో అవి చెప్పును. పెద్ద సంస్థల సర్వరు యంత్రములలో జ్ఞాపకశక్తికి నేడు ఇట్టి రక్షణ కలదు. మనము ఒడిలో పెట్టుకొను ల్యాప్‌టాప్‌లలో అధికభాగమునకు అది లేదు. ఈ విషయము తెలిసిననాడు నాకును కొంత ఒళ్ళు మండినమాట నిజము.

ఇంతవరకు చెప్పినవి యంత్రపు తప్పులు. మనిషి తప్పుల సంగతి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున బయటపడెను. అచటి ఎడ్శాక్ యంత్రము 1949 మే 6వ తేదీన మొదటి లెక్క చేసినది. దాని నిర్మాత మారిస్ విల్క్స్ కొలది దినములకే ఒక గణితసమస్యకై 126 పంక్తుల ఆదేశములు వ్రాసెను. ఆ కాగితపు టేపులో ఇంచుమించు 20 తప్పులున్నట్లు తరువాత తేలినది. తన శేషజీవితములో మంచిభాగము తాను వ్రాసిన ఆదేశములలో తప్పులు వెదకుటకే సరిపోవునని మెట్లమీద నడచుచు ఒకనాడు స్ఫురించినదని ఆయన ఆత్మకథలో చెప్పుకొనెను. ఆనాటినుండి ఆగిన ప్రతి యంత్రము ముందును అదే మొదటి ప్రశ్న: తప్పు లోహములోనిదా, వ్రాతలోనిదా?

ఈ ప్రశ్నకు ఎల్లప్పుడు కనబడు దోషమైనచో సమాధానము సులభము. ఒకప్పుడు కనబడి, వెదకబోవునప్పటికి మాయమగు దోషమే కష్టము. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున వర్ల్‌విండ్ యంత్రమును నిర్మించిన జే ఫారెస్టర్ బృందమువారు దీనికొక ఉపాయము పన్నిరి. దోషము వచ్చువరకు వేచియుండక, యంత్రములోని వోల్టేజిని కావలెనని కొంత హెచ్చించియు తగ్గించియు పరీక్షలు జరిపిరి. ఆరోగ్యముగ నున్న వాల్వు ఆ తేడాను ఓర్చుకొనును. నేడో రేపో చెడనున్నది మాత్రము ఆ క్షణముననే తప్పుచేసి పట్టుబడును. దొంగ వచ్చువరకు కాచుకొనక, వాని నింటికి పిలిచి పట్టుకొనుట యన్నమాట. నేటి జ్ఞాపకశక్తి పరీక్షా ప్రోగ్రాములు ఈ యుపాయమునకు బంధువులే. అవి ప్రతి గడిలోను రకరకముల అంకెలు వ్రాసి, చదివి, మరల వ్రాసి, బలహీనమైన గడి తప్పుచేయువరకు విడువవు.

మన దేశమునను ఈ విద్య ఆ దశకములోనే వేళ్ళూనెను. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఆర్. నరసింహన్ నాయకత్వమున నిర్మించిన టిఫ్రాక్ 1960లో పనిలోనికి వచ్చినది. అదియును వాల్వుల యంత్రమే. 1967లో హైదరాబాదున తెలుగువాడైన ఎ. ఎస్. రావు సారథ్యములో వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ పేర 1969లో టి.డి.సి. 12 అను ట్రాన్సిస్టర్ల కంప్యూటరు వెలువడినది.

వాల్వు పోయి ట్రాన్సిస్టరు, అదియు పోయి సిలికాను బిళ్ళ వచ్చిన తరువాత దోషము కంటికి కనబడుట మానినది. 1978లో ఇంటెల్ సంస్థకు చెందిన తిమొతీ మే, మర్రే వుడ్స్ అనువారు ఒక వింతను విప్పిచెప్పిరి. మెమరీ బిళ్ళలలో అంకెలు అప్పుడప్పుడు తమంత తామే మారుచుండెను; బిళ్ళను పరీక్షించినచో అందే లోపమును లేదు. బిళ్ళను కప్పిన పింగాణి తొడుగులో అత్యల్ప పరిమాణమున యురేనియము, థోరియము కలిసియుండెను. వానినుండి వెలువడు ఆల్ఫా కణము లోపలి విద్యుదావేశమును చెదరగొట్టుచుండెను. దొంగ ఇంటిలో లేడు, ఇంటి గోడలో నుండెను.

ఒడిలో నుంచుకొనదగు కంప్యూటర్లకు 1982లో వెలువడిన గ్రిడ్ కంపాస్ మార్గము చూపినది. పుస్తకమువలె మడచు మూతయు, మెగ్నీషియపు పెట్టెయు దాని ప్రత్యేకతలు. యంత్రము చిన్నదగుకొలది వేడికి పోవుటకు దారి సన్నగిల్లినది. నేటి ప్రాసెసరు వేడెక్కినకొలది మొదట తన వేగము తగ్గించుకొనును. ఉష్ణోగ్రత తన హద్దును మించినచో ప్రాణరక్షణకై విద్యుత్తునే త్రెంచుకొనును. అప్పుడు తెరపై సందేశ ముండదు, చీకటియే. నీలితెర యట్టిది కాదు. తన లెక్కలలో సమాధానపడరాని వైరుధ్యము కనబడినపుడు, ఫైళ్ళు చెడకుండ నిర్వాహక ప్రోగ్రామే యంత్రమును నిలిపి, కారణసూచకముగ ఒక సంకేతము చూపును. ఈ భేదము ముందే తెలిసియుండినచో నా వారము దినములు మిగిలియుండెడివి.

ఎనియాక్ వాల్వులను చంపిన పాత శత్రువు ల్యాప్‌టాప్‌లలో వేషము మార్చుకొని వచ్చినాడు. 2008 జూలైలో ఎన్విడియా సంస్థ, తన కొన్ని ల్యాప్‌టాప్ చిత్రప్రాసెసర్లు బిళ్ళకూర్పులోని బలహీన పదార్థమువలన చెడుచున్నవని ప్రకటించి, ఆ ఖర్చులకై 15 నుండి 20 కోట్ల డాలర్లు కేటాయించెను. వేడెక్కుట, చల్లారుట, మరల వేడెక్కుట. బిళ్ళ క్రింది మాటు, అనగా సోల్డరు చుక్కలు, అలసి చీలుచుండెను. అరువదిరెండేండ్ల క్రితము ఫిలడెల్ఫియాలో యంత్రమును ఆర్పకుండ నుంచి తప్పించుకొనిరి. ల్యాప్‌టాప్‌ను మూసి సంచిలో పెట్టుకొనకున్న అది ల్యాప్‌టాప్ ఎట్లగును?

2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు దాదాపు పదిలక్షల వ్యక్తిగత కంప్యూటర్లనుండి వచ్చిన సమాచారమును పరిశీలించి ప్రకటించిన ఫలితమొకటి నన్ను కలవరపరచినది. కొంతకాలము వాడిన యంత్రము ప్రాసెసరు దోషముచే మొదటిసారి ఆగిపోవు అవకాశము 190లో ఒకటి మాత్రమే. ఒకమారు ఆగినది మరల ఆగు అవకాశమో, సుమారు 3లో ఒకటి. ఇంకొక మాట: మొత్తముమీద ల్యాప్‌టాప్‌లు బల్ల కంప్యూటర్లకంటె తక్కువగానే చెడుచున్నవని వారికి తేలినది. నా యంత్రము ఆ వ్యాసము చదువలేదు కాబోలు.

అది చదివిన సాయంకాలమే మరమ్మతు ప్రయత్నములన్నియు ఆపి, మొదట పాటను వేరొక డిస్కునకు ప్రతి తీయ పూనుకొంటిని. యంత్రమును గంటసేపు చల్లార్చి, మరే ప్రోగ్రామును తెరువక, ప్రతి తీయుట ప్రారంభించితిని. మూడువంతులు పూర్తియగుసరికి నీలితెర. రెండవ పర్యాయము పూర్తియైనది. వృద్ధుని కంఠము మొదటినుండి చివరివరకు విని, మధ్యలో ఆయన దగ్గిన దగ్గు కూడ నున్నదని నిశ్చయించుకొని, ఆ తరువాతనే యంత్రపు సంగతి చూచితిని.

ఒక నోటుపుస్తకము తెచ్చి, ఆగిన వేళ, అప్పుడు చేయుచున్న పని, నీలితెరయా చీకటియా యనునది వ్రాయసాగితిని. నాలుగు దినములలో రెండు వరుసలు విడివడెను. చీకటి మధ్యాహ్నములందే, దీర్ఘముగ పనిచేసిన పిమ్మటనే వచ్చుచుండెను. నీలితెరకు వేళ లేదు. మా సాంకేతిక సహోద్యోగి అడుగు మూత విప్పగా ఫ్యాను నోట దుమ్ము దూదిపరుపువలె పేరుకొనియున్నది. "అయ్యా, దీనికి ఊపిరాడక చచ్చినది" అనెను. దుమ్ము దులిపి, ప్రాసెసరుపై ఎండిన లేపనమును తుడిచి క్రొత్తది పూసిన తరువాత చీకటి మరల రాలేదు. నీలితెర మాత్రము మూడవనాడు వచ్చినది. అప్పుడు రాత్రియంతయు జ్ఞాపకశక్తి పరీక్ష నడిపించితిమి. తెల్లవారుసరికి రెండు మెమరీ పలకలలో నొకదానిలో, ఎల్లప్పుడు ఒకేచోట, ఒక అంకె తప్పుచుండుట కనబడెను. దానిని తీసివైచితిమి.

పాట ఆషాఢమాసమున ప్రసారమైనది. ఆ పలకను కాగితముపై అతికించి, తేదీ వేసి, నోటుపుస్తకపు చివరి పుటలో పెట్టినాను.