త్రోవ విడుచుట: మేనా మొదలు మోటారు వరకు

ఒక సంఘములోని మనుష్యులు ఒకరినొకరు ఎట్లు చూచుకొందురో తెలిసికొనవలె ననిన, వారి శాసనములను చదువుటకంటె వారి రహదారిపై ఒక గడియ నిలిచి చూచుట మేలు. ఇంటిలో మమత యుండును. సభలో మర్యాద యుండును. దారిపై ఎదురుపడువారికి ఒకరి పేరొకరికి తెలియదు, మరల కలిసికొందు మను తలంపును ఉండదు. కావున అచట మనుష్యుడు తన స్వభావమును దాచుకొనడు. ఎవరు త్రోవ విడుచుచున్నారు, ఎవరు విడిపించుకొనుచున్నారు, ఎవరు విడువక మొండికెత్తుచున్నారు అను మూడు సంగతులు గమనించినచో ఆ సంఘచరిత్రలో సగము బోధపడును.

కామారెడ్డి ప్రక్కగా పోవు 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగరమునుండి కన్యాకుమారి వరకు సాగునది. సెలవుదినమున ఉదయము ఆ దారిపై హైదరాబాదు వైపునుండి అప్పుడప్పుడు ఒక స్పోర్ట్స్ కారు వచ్చును. నేలకు ఆనినట్లుండు శరీరము, ఇద్దరు కూర్చుండు చోటు, దూరమునుండియే వినబడు గర్జన. అది కనబడగనే తక్కిన వాహనముల నడక మారిపోవును. అంతవరకు నెమ్మదిగ పోవుచున్న కుటుంబపు కారు ఒక్కసారిగ వేగము పెంచి దానితో సమానముగ పరుగెత్తజూచును. మోటారుసైకిలుపై పోవు పడుచువా డొకడు ఒక చేత ఫోను పట్టి దాని ఛాయాచిత్రము తీయ యత్నించును. ఒక లారీవాడు చేయియూపి సగౌరవముగ ప్రక్కకు తొలగును. మరియొకడు దానినే వెనుకబెట్టుకొని కావలెననియే త్రోవ ఇయ్యడు. ఇవన్నియు యంత్రమును చూచి పుట్టిన చేష్టలు కావు. ఆ యంత్రమున కూర్చున్నవాని అంతస్తును ఊహించి పుట్టిన చేష్టలు. ఈ గుణము మోటారుతో వచ్చినది కాదు. మోటారుకంటె చాల పాతది.

రహదారి యను మాటయే ఒక పాఠము చెప్పుచున్నది. పారసీకమున రాహ్ అనగా త్రోవ, దార్ అనగా కలిగినవాడు. త్రోవను కాచువాడు రాహ్‌దారు. వాడు బాటసారులయొద్ద పుచ్చుకొను సుంకము రాహ్‌దారీ. అనగా త్రోవ నడచువానిది గాక పట్టుకొన్నవానిది యను భావము ఆ మాటలోనే యిమిడియున్నది. మనము నేడు ఆ సుంకపు పేరునే త్రోవకు పెట్టి పిలుచుకొనుచున్నాము.

నిజాము కాలమున కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండును తాలూకాలు. కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట అనియు వాడుకలో నుండెను. నాటి తెలంగాణపు పల్లెలలో త్వరగా ప్రయాణము చేయుట కొందరికే చెల్లిన భోగము. దేశముఖులకును, దొరలకును, సర్కారు కొలువుగాండ్రకును మేనాలు, గుఱ్ఱములు, సవారీ కచ్చరములు ఉండెడివి. మేలుజాతి ఎడ్లను పూన్చిన కచ్చరము బురదదారిలో పరుగెత్తినప్పుడు అదియే ఆనాటి స్పోర్ట్స్ కారు. అయితే దాని వేగమునకు వేరొకడు వెల చెల్లించుచుండెను. దొరల ఎడ్లబండ్లు వడిగా పోవునప్పుడు వెట్టివారు ముందు పరుగెత్తి త్రోవ తొలగింపవలసియుండె ననియు, వెనుకను కాపుగా పరుగెత్తవలసియుండె ననియు, దొరల కుటుంబముల వారిని బోయీలును చాకళ్లును మేనాలలో ఊరినుండి యూరికి మోయవలసియుండె ననియు తెలంగాణ రైతాంగ పోరాట చరిత్రను వ్రాసిన పుచ్చలపల్లి సుందరయ్యగారు వివరించియున్నారు. నేడు మోటారు కొమ్ము చేయు పనిని ఆనాడు మనుష్యుని గొంతు చేసెను. నేడు యంత్రపు గుఱ్ఱపుబలము చేయు పనిని ఆనాడు మనుష్యుని రొమ్ము చేసెను.

ఇట్టి త్రోవపై నిలిచిన సామాన్యుని మనస్సులో రెండు భావములు ఒకేసారి పెరిగినవి. ఒకటి వంగుట, రెండవది కసి. బండి వచ్చుచున్నప్పుడు తలపాగ తీసి, చెప్పులు చేతబట్టి గట్టుమీదికి తొలగెను. బండి పోయినతరువాత దాని దుమ్మును చూచి శపించెను. ఈ రెండును విరుద్ధములుగ కనబడును గాని వాని వేరు ఒక్కటియే. త్రోవ తనది కాదని నమ్మినవాడే వంగును. ఆ నమ్మకము తన గుండెలో గ్రుచ్చుకొన్నవాడే కసిగొనును. త్రోవ తనదని యెరిగినవాడు వంగవలసిన పనియు లేదు, కసిపడవలసిన పనియు లేదు. వచ్చువానికి చోటిచ్చి తన పని తాను చూచుకొనును.

మన సంస్కర్తలు ఈ మర్మమును బాగుగ గ్రహించిరి. 1921లో హైదరాబాదున ఆంధ్రజనసంఘము వెలసెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. 1937లో ఆ మహాసభ ఆనాటి మన జిల్లాకేంద్రమగు నిజామాబాదునకే మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను వచ్చెను. ఈ ఉద్యమమున గ్రంథాలయములు, పాఠశాలలు, మాతృభాష అను విషయములతోబాటు వెట్టిచాకిరి నిర్మూలనమును ముఖ్యస్థానము వహించెను. వెట్టి పోవలె ననుటలో కూలి యియ్యవలె ననుట యొక్కటియే అర్థము కాదు. ఒకని వేగమునకై వేరొకడు పరుగెత్తరాదనుటయు, బాటపై అందరును బాటసారులే యనుటయు అందున్న లోతైన యర్థము.

సంస్కర్తలు చెప్పినదానిని కొంతవరకు ఇనుము చేసి చూపెను. 1901 నాటికి పూర్తియైన హైదరాబాదు గోదావరిలోయ రైలుమార్గము సికింద్రాబాదునుండి కామారెడ్డి, నిజామాబాదులమీదుగ మన్మాడు వరకు సాగెను. బండిలో తరగతులు వేరైనను బండి వేగ మొక్కటియే. మొదటి తరగతివాడు మూడవ తరగతివానికంటె ఒక్క నిమిషము ముందుగ కామారెడ్డి చేరజాలడు. 1932 జూన్‌లో నిజాము ప్రభుత్వపు రైల్వేశాఖ 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించెను. నేడు కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి పోవు ఆర్టీసీ బస్సు ఆ వంశములోనిదే. ముందుగ పరుగెత్తి త్రోవ తొలగించువాడు లేకయే రైతును ఉద్యోగియు ఒకే వేగముతో పోవుట ఈ గడ్డపై చిన్న విప్లవము కాదు.

అయినను సొంతవాహనము రాగా పాత భావము మరల తలయెత్తెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోరగా 1912లో సిద్ధమైన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారు ఆయన మరణానంతరము కుమారుని చేతికి వచ్చెను. దానిలో ప్రభువు కూర్చుండుటకు సింహాసనమువంటి ఆసన మమర్చబడెను. నేడు చౌమహల్లా భవనమున దానిని చూచువారు అది కారో గద్దెయో నిర్ణయింపలేరు. పశ్చిమదేశముల చరిత్రయు చిత్రమైనదే. ఇంగ్లండులో 1865 నాటి చట్టము యంత్రపుబండికి ముందు ఎఱ్ఱజెండా పట్టిన మనుష్యుడు నడువవలెనని విధించెను. మన వెట్టివాడు దొర బండికి దారిచేయుటకు ముందు పరుగెత్తెను. అక్కడి జెండావాడు బాటసారులను రక్షించుటకు ముందు నడచెను. రెండును ముందునడకలే యైనను ఒకటి బలవంతునికొరకు, ఒకటి బలహీనునికొరకు ఏర్పడినవి. ఇంగ్లండులోని ఆ కట్టుబాట్లు 1896లో తొలగినవి. 1903లో పారిస్‌నుండి మాడ్రిడ్ వరకు తలపెట్టిన కార్ల పందెమున పందెగాండ్రును, త్రోవప్రక్క నిలిచినవారును మరణింపగా ప్రభుత్వము దానిని బోర్డోయొద్దనే ఆపివేసెను. వేగమును వినోదముగ చూడ వచ్చిన జనము దానికే బలియగుట నాడే మొదలైనది.

మన దేశమున స్వరాజ్యము వచ్చినతరువాతను కార్లపై ఎఱ్ఱదీపము చాలకాలము వెట్టివాని పాత్రను వహించెను. దీప మున్న కారు వచ్చినచో తక్కినవారు తొలగవలెను. 2013 డిసెంబరులో సుప్రీముకోర్టు దాని వాడుకను కట్టుదిట్టము చేసెను. 2017 మే 1వ తేదీనుండి మంత్రుల కార్లపైని ఆ దీపము తొలగిపోయెను. రోగిని మోయు బండికిని, అగ్నిమాపక శకటమునకును, పోలీసులకును ప్రత్యేకదీపములు మిగిలినవి. ఇది న్యాయము. త్రోవ విడుచుట అంతస్తునకు గాక అవసరమునకు చెల్లవలెనని రాజ్యమే ఒప్పుకొన్న దినమది.

చట్టము దీపమును తీయగలదు గాని కన్నులలోని దీపమును తీయజాలదు. 1968లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఈ విషయమున మిక్కిలి ఉపకరించును. ఆంథొనీ డూబ్, అలన్ గ్రాస్ అను ఇద్దరు కాలిఫోర్నియాలో కూడలియొద్ద పచ్చదీపము వెలిగినను కదలక నిలుచునట్లు ఒకప్పుడు ఖరీదైన క్రొత్తకారును, ఒకప్పుడు నలిగిన పాతకారును నిలిపిరి. పన్నెండు క్షణములలోపల పాతకారు వెనుకనున్నవారిలో నూటికి 84 మంది హారను మ్రోగించిరి. ఖరీదైన కారు వెనుకనున్నవారిలో నూటికి 50 మందియే మ్రోగించిరి. ఇట్టి స్థితిలో మీరేమి చేయుదురని విద్యార్థులను ప్రశ్నింపగా, ఖరీదైన కారునకే ముందుగ హారను కొట్టుదుమని మగపిల్లలు చెప్పిరి. మాటలో కసి, చేతలో వంగుట! మన పల్లెగట్టుమీద చెప్పులు చేతబట్టి నిలిచినవాని మనస్సు కాలిఫోర్నియా కూడలిలోను అట్లే కనబడినది.

స్పోర్ట్స్ కారు విషయమున ఈ వంగుటయు కసియు కలిసి ప్రమాదముగ మారుచున్నవి. దానితో పందెము వేయువాడు తాను సమానుడనని చాటుకొనుచున్నానని తలంచును. నిజమునకు ఆ కారును కొలతబద్దగ ఒప్పుకొని దానియెదుట తన్ను తాను కొలుచుకొనుచున్నాడు. అది నూరు గజములలో ఆగగలిగినచోట తన బండి ఆగదు. తన వెనుక ఆసనమున భార్యాబిడ్డలున్నారు. దాటిపోవు బండిని దాటనీయకుండుటకు వేగము పెంచరాదని మన రహదారి నిబంధనలు స్పష్టముగ చెప్పుచున్నవి. ఇది శత్రువునకు చేయు ఉపకారము కాదు. ఎదుటినుండి వచ్చు మూడవవానిని రక్షించు ధర్మము.

కారు నడుపువాని తప్పు తక్కువయని నే ననను. నాలుగు వరుసల రహదారిపై కార్లకు గంటకు 100 కిలోమీటర్లు, ఇతర రోడ్లపై 70 కిలోమీటర్లు అత్యధిక వేగమని 2018లో కేంద్రప్రభుత్వము ప్రకటించెను. ఆ హద్దు కారు వెలతో మారదు. కామారెడ్డినుండి తాడ్వాయి, లింగంపేటల మీదుగ ఎల్లారెడ్డికి పోవు త్రోవపై వరికోతల దినములలో ధాన్యము ఆరబోసియుండును, చెఱకు ట్రాక్టరు దీపములు లేక సాగుచుండును, గొఱ్ఱెలమంద దాటుచుండును. అచట ఎదురుగ వచ్చు సైకిలువాడు గర్జన విని ఎంత దూరమున నున్నదో ఊహించుకొనునంతలో ఆ కారు మీదికి వచ్చియుండును. తన వేగమునకు ఇతరులు గట్టెక్కవలెనని తలంచువాడు కచ్చరము దిగి కారెక్కిన పాత దొరయే. వాని ముందు పరుగెత్తు వెట్టివాడు కనబడకపోవచ్చును. భయపడి ప్రక్కకు దూకు ప్రతి బాటసారియు వానికి వెట్టిచేయుచున్నాడు.

ఈ దారిపై సమానత్వము ఎట్లుండునో చూపు చోట్లును కలవు. భిక్కనూరుయొద్ద సుంకపుగేటులో కోట్ల వెలగల కారునకును, పాత కుటుంబపు కారునకును సుంకము ఒక్కటియే. ఒకే వరుసలో ఒకదానివెనుక ఒకటి నిలువవలెను. 2025 ఆగస్టు చివర కామారెడ్డి ప్రాంతమున కురిసిన కుండపోతవానకు రహదారి కోతపడి, రైలుకట్ట కొట్టుకొనిపోయి, ఎల్లారెడ్డి వైపు త్రోవలును తెగినప్పుడు వడిగల బండియు నిలిచెను, వడిలేని బండియు నిలిచెను. నీరు ఎవరి అంతస్తును అడుగలేదు. ఆపదలో అలవడిన ఆ సమదృష్టి ఎండకాసిన దినమున ఎందుకు నిలువరాదు?

దీనికి మందు గృహములోనే యున్నది. బండిలో ప్రక్కన కూర్చున్న బాలుడు తండ్రిని చూచి నేర్చుకొనును. ఖరీదైన కారు దాటినప్పుడు తండ్రి పండ్లుకొరికి వేగము పెంచినచో బాలుడు కసిని నేర్చును; ఎడ్లబండి అడ్డమైనప్పుడు తండ్రి హారను మ్రోయించి తిట్టినచో దొరతనమును నేర్చును. రెండు సమయములందును తండ్రి నిబ్బరముగ చోటిచ్చినచో ఆ బాలుడు పౌరుడగును. తల్లి, భార్య, సోదరి ఒక్క మాటతో వేగమును తగ్గింపగలరు; ఆ మాట చెప్పుట చాదస్తము కాదు, కుటుంబరక్షణము.

మన పెద్దలు వెట్టిని మాన్పుటకు సభలు చేసిరి, ఊరూరు తిరిగిరి. వారు మనకు సంపాదించి యిచ్చినది తలయెత్తి నడచు త్రోవ. ఆ త్రోవపై ఒకనికి లొంగుటయు తగదు, ఒకనిపై కసి తీర్చుకొనుటయు తగదు. వడిగ పోవువానిని పోనిచ్చి, మెల్లగ పోవువానిని కాచి, మన యిల్లు మనము చేరుట చాలును. త్రోవ విడుచుట ఒకప్పుడు దాస్యమునకు గుర్తు. స్వతంత్రుడు తన యిష్టముచే విడిచినప్పుడు అదియే మర్యాద.