ఆగిపోయిన సీరియల్ మళ్లీ టీవీలోకి ఎలా వస్తుంది? మధ్యాహ్నం రిపీట్ల వెనుక అసలు లెక్క ఇదే!

మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ పెడితే పదేళ్ల కిందటి సీరియల్ వస్తుంటుంది. అదే మొహాలు, అదే టైటిల్ సాంగ్. చూసేవాళ్లకి అదో సరదా, ఛానల్‌కి పెద్దగా ఖర్చు లేని అరగంట. మరి ఆ సీరియల్‌లో నటించినవాళ్లకి, లైట్లు మోసినవాళ్లకి, డైలాగ్ రాసినవాళ్లకి ఏం వస్తుంది? చాలాసార్లు ఏమీ రాదు. పాత సీరియళ్లు మళ్లీ ఎలా వస్తాయి, ఏవి ఎప్పటికీ రావు, డబ్బులు ఎవరికి చేరతాయి... ఆ వివరాలివి.

తెలుగు సీరియల్ గురించి మాట్లాడాలంటే అమీర్‌పేట నుంచే మొదలుపెట్టాలి. కోచింగ్ సెంటర్ల బోర్డులు, మెట్రో స్టేషన్ రద్దీ మధ్యలో ఉన్న సారథి స్టూడియోస్ 1950ల చివర్లో మొదలైంది. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’కి పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమాగా పేరుంది, అది ఇక్కడే తీశారు. తర్వాత సినిమాలతో పాటు టీవీ సీరియళ్లు, గేమ్ షోలు కూడా ఈ ఫ్లోర్లలోకి వచ్చాయి. పంజాగుట్ట దాటి శ్రీనగర్ కాలనీలోకి వెళ్తే నిర్మాతల ఆఫీసులు. ఇంకాస్త ముందుకెళ్తే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. రోజు పేమెంట్ మీద బతికే జూనియర్ ఆర్టిస్టులు, మేకప్‌మన్‌లు, లైట్‌మన్‌లు ఎక్కువగా ఉండేది అక్కడే. ఏ ఛానల్ ఏ స్లాట్‌లో కొత్త సీరియల్ వేస్తుంది, ఏ స్లాట్‌లో పాతది వేస్తుంది అన్నది ఈ నాలుగైదు కిలోమీటర్ల పరిధిలో చాలా ఇళ్ల బియ్యం ఖర్చుకి సంబంధించిన విషయం.

రిపీట్ల బలం ఎంతో 2020లో అందరికీ తెలిసొచ్చింది. కరోనాతో మార్చి మధ్యలో షూటింగులు ఆగిపోయాయి. డైలీ సీరియల్‌కి ముందే తీసి పెట్టుకునే ‘బ్యాంక్’ ఎపిసోడ్లు పది, పదిహేను రోజులకి మించి ఉండవు. అవి అయిపోయాక ఛానళ్లకి పాత బీరువాలు తెరవడం తప్ప వేరే దారి లేకపోయింది. మార్చి 28 నుంచి దూరదర్శన్ రామానంద్ సాగర్ ‘రామాయణ్’ని మళ్లీ వేసింది. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. అది 1987, 88లో తీసిన సీరియల్! తెలంగాణలో షూటింగులకి ప్రభుత్వం పర్మిషన్ ఇచ్చింది జూన్‌లో. అప్పటిదాకా తెలుగు ఎంటర్‌టైన్‌మెంట్ ఛానళ్లు కూడా పాత సరుకుతోనే నెట్టుకొచ్చాయి.

ఏవి తిరిగొస్తాయి?

హిట్ అయినవి. జెమినీ టీవీలో మంజులా నాయుడు తీసిన ‘చక్రవాకం’ 2003లో మొదలై 2008 దాకా నడిచింది. వెంటనే ‘మొగలి రేకులు’ వచ్చి 2013 దాకా సాగింది. ఒక్కొక్కటి వెయ్యి ఎపిసోడ్ల పైమాటే. ఆర్కే నాయుడు పేరు చెబితే ఇప్పటికీ గుర్తుపట్టే జనం ఉన్నారు కాబట్టే ఆ రెండూ మళ్లీ ప్రసారమయ్యాయి. రేటింగ్ రాక మధ్యలో చుట్టేసిన సీరియళ్ల సంగతి వేరు. కథ సగంలో ఉండగానే నాలుగు ఎపిసోడ్లలో అందరినీ కలిపేసి ‘శుభం’ కార్డు వేసేస్తారు. ముగింపు లేని కథని రెండోసారి ఎవరు చూస్తారు అన్నది ఛానల్ ప్రశ్న. నిజానికి ఆ కథ ఏమైందో తెలుసుకోవాలన్న కుతూహలం అక్కడే ఎక్కువ, కానీ అది రేటింగ్ లెక్కలో కనపడదు.

అమెరికాలో దీనికోసం ఏకంగా ఓ కేబుల్ ఛానల్ నడిచింది. 2000 జనవరిలో మొదలైన సోప్‌నెట్ పగటి సీరియళ్లని అదే రోజు రాత్రి మళ్లీ వేసేది. 1989లో ఆగిపోయిన ‘ర్యాన్స్ హోప్’, 1999లో ఆపేసిన ‘అనదర్ వరల్డ్’ పాత ఎపిసోడ్లు కూడా అందులో వచ్చాయి. ఇంట్లో రికార్డ్ చేసుకునే డీవీఆర్‌లు, ఇంటర్నెట్ వచ్చాక ఆ అవసరం తగ్గింది. 2013 డిసెంబర్ 31తో ఛానల్ మూతపడింది.

టేపు ఉంటేనే సీరియల్

మళ్లీ వేయాలంటే ముందు టేపు దొరకాలి. 1990ల్లో, 2000ల్లో తీసినవి ఎక్కువగా బీటాక్యామ్ టేపుల మీద ఉన్నాయి. తేమకి ఫంగస్ పడుతుంది, ప్లే చేసే మెషీన్లూ ఇప్పుడు తక్కువే. పైగా కాపీ చేయడానికి షార్ట్‌కట్ లేదు. 22 నిమిషాల ఎపిసోడ్‌కి 22 నిమిషాలు పట్టాల్సిందే. వెయ్యి ఎపిసోడ్లంటే ఒక్క మెషీన్ మీద దాదాపు 367 గంటలు. ఇక అప్పటి బొమ్మ 4:3 సైజు. ఇప్పటి టీవీలో పక్కన నల్ల పట్టీలు రావాలి, లేదంటే తలలు కత్తిరించాలి. కొన్ని ఛానళ్లు బొమ్మని అడ్డంగా సాగదీస్తాయి, అదే అన్నిటికంటే ఘోరం.

టేపు దొరికితే తర్వాతి ప్రశ్న హక్కులు. ఛానలే డబ్బు పెట్టి తీయిస్తే హక్కులు మామూలుగా ఛానల్‌వి. నిర్మాత తన డబ్బుతో తీసి, స్లాట్ కొనుక్కుని, యాడ్స్ అమ్ముకుంటే అగ్రిమెంట్‌లో ఏముందో చూడాలి. గుణ్ణం గంగరాజు ‘అమృతం’ 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది. ఆ పాత ఎపిసోడ్లు తర్వాత యూట్యూబ్‌లోకి వచ్చాయి. 2020 ఉగాదికి దాని కొనసాగింపు ‘అమృతం ద్వితీయం’ జీ5లో మొదలైంది. ఛానల్ ఒకటి, ఓటీటీ ఇంకొకటి.

కేబుల్ రూల్స్ ప్రకారం గంటకి 12 నిమిషాలకి మించి యాడ్స్ వేయకూడదు, అందులో 2 నిమిషాలు ఛానల్ సొంత ప్రోమోలకి. కొత్త సీరియల్ అయినా పాతదైనా రూల్ ఒకటే. కొత్తదానికి ఫ్లోర్ అద్దె, కాల్షీట్లు, భోజనాలు, ఎడిటింగ్ అన్నీ ఆ యాడ్స్ డబ్బుల్లోంచే రావాలి. పాతదానికి ఆ ఖర్చులేవీ లేవు. రేటింగ్ సగమే వచ్చినా ఛానల్‌కి గిట్టుబాటవుతుంది.

కార్మికుల వైపు నుంచి చూస్తే ఒక రిపీట్ స్లాట్ అంటే ఒక యూనిట్ పని పోయినట్టే. డబ్బింగ్ సీరియళ్లకి వ్యతిరేకంగా తెలుగు టీవీ కళాకారులు రోడ్డెక్కింది కూడా ఇదే లెక్కతో. చట్టం మాత్రం వాళ్లని పూర్తిగా వదిలేయలేదు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, నటన రికార్డింగ్‌ని వాణిజ్యంగా వాడుకుంటే ఆర్టిస్టుకి రాయల్టీ హక్కు ఉందని చెప్పింది. థియేటర్ బయట ప్రదర్శించినప్పుడు రచయితకి కూడా వాటా ఉంది. లైట్‌మన్, మేకప్‌మన్‌లకి అందులో చోటు లేదు. చోటున్న ఆర్టిస్టుకైనా, రోజు పేమెంట్ తీసుకుని వోచర్ మీద సంతకం పెట్టాక అదే సీన్ పదేళ్ల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు ఎవరిని అడగాలో తెలియదు. అందుకే కొత్తగా అగ్రిమెంట్ రాసుకునేవాళ్లు రిపీట్, యూట్యూబ్, ఓటీటీ ఈ మూడింటికీ విడిగా ఏం ఇస్తారో రాయించుకుని, ఒక కాపీ తమ దగ్గర ఉంచుకోవడం మంచిది.