చెట్టు, సెట్టు, ఎట్టు: మన పిల్లల మాట మీద పరిశోధనకు డబ్బెవరిస్తారు?



కిందటి భాగం సాంఘిక సంక్షేమ హాస్టళ్ల గురించి. ఈ భాగం మా ఇంట్లో మొదలైంది. మా అక్క కూతురు స్పీచ్ థెరపిస్టు. మా వాడలో ఆ చదువు చదివిన మొదటి మనిషి. పోయిన వేసవిలో మైలవరం వచ్చినప్పుడు అడిగింది: "పిన్నీ, తెలుగు సాహిత్యం మీద పనిచేసిన నీకు ఫెలోషిప్ వచ్చింది. పిల్లల మాట మీద పనిచేస్తానంటే నాకెందుకు దారి దొరకట్లేదు?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వెతుక్కుంటూ పోతే వందేళ్ల చరిత్ర తగిలింది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మానాన్న మామిడి తోటల్లో కూలీలు. ఇప్పుడు మైలవరం ఎన్టీఆర్ జిల్లా, నూజివీడు ఏలూరు జిల్లా. 2022 ఏప్రిల్ దాకా రెండూ కృష్ణా జిల్లాయే. గీత ఎక్కడ గీసినా తోటలవే, కూలీలు వాళ్లే. ఎండాకాలం వస్తే నాన్న చిక్కం కట్టిన కర్రతో బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు కోసేవాడు. అమ్మ బుట్టలు మోసేది. సొన కాలిన మచ్చలు అమ్మ చేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి.

ఆరో తరగతిలో నేను "శాంతి"ని "సాంతి" అనీ, "చెట్టు"ని "సెట్టు" అనీ చదివాను. మాస్టారు నన్ను బెంచీ ఎక్కించి, నాలిక మందం అన్నారు. నా తమ్ముడు నాకన్నా రెండేళ్లు చిన్న. వాడికి పసితనం నుంచీ చెవిలో చీము కారేది. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. మేమందరం "సెట్టు" అంటుంటే వాడు "ఎట్టు" అనేవాడు. వాడి గురించి బళ్లో ఒకటే మాట: "ఆ పేట పిల్లలు అంతే, మాట తిరగదు." వాడు ఎనిమిదో తరగతిలో బడి మానేసి నాన్న వెనక తోటకి పోయాడు.

ఈ మూడు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. పుస్తకంలో చెట్టు. వాడలో సెట్టు. నా తమ్ముడి నోట ఎట్టు. పుస్తకం మాత్రమే తెలిసినవాళ్లకి సెట్టూ తప్పే, ఎట్టూ తప్పే. కానీ సెట్టు అన్నది మా వాడంతా అనే మాట. దానికో పద్ధతి ఉంది: వేప ఏప అవుతుంది, వీధి ఈది అవుతుంది, భయం బయం అవుతుంది, నీళ్లు నీల్లు అవుతాయి. అందరూ ఒకే తీరున పలికేదాన్ని భాషాశాస్త్రం మాండలికం అంటుంది. ఎట్టు అలాంటిది కాదు. మా అమ్మ అలా అనదు, మా నాన్న అనడు, నేను అనను. ఆ పిల్లాడి చెవికి "స" సరిగా అందట్లేదేమో అని చూడాల్సిన చోటు అది. నాకు లేని లోపాన్ని ఉందన్నారు. వాడికి ఉన్న లోపాన్ని కులం ఖాతాలో రాసి వదిలేశారు. రెండు తప్పులకీ మూలం ఒకటే. మా వాడ మాట ఎలా ఉంటుందో వినిపించుకున్నవాళ్లు బళ్లో లేరు.

మా అమ్మాయి ఒక్క ముక్కలో చెప్పింది: "పిల్లాడి మాటని పుస్తకంతో కాదు పిన్నీ, వాళ్లమ్మ మాటతో పోల్చాలి." ఆమె పరిశోధన చేయాలనుకున్నది సరిగ్గా దీని మీదే. మామిడి తోటల పల్లెల్లో మన పిల్లలు ఏ వయసుకి ఏ ధ్వనులు పలుకుతున్నారు, ఏది వాడ మాట, ఏది వినికిడి లోపం లేదా ఉచ్చారణ లోపం. ఈ లెక్క లేకుండా థెరపిస్టు ముందు కూర్చున్న మన పిల్లకి న్యాయం జరగదు. పరీక్షలో మార్కులు మాత్రం పడతాయి.

ఇందులో ఇంకో వింత ఉంది. ప్రామాణిక తెలుగు అంటే కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాట అని మేం క్లాసులో పాఠం చెబుతాం. మైలవరం ఆ కృష్ణా జిల్లాలోదే. జిల్లా పేరు ప్రమాణంలో ఉంది, మా వాడ నోరు లేదు. ప్రమాణం కట్టింది జిల్లాని బట్టి మాత్రమే కాదు, ఊళ్లో ఏ వైపు పుట్టామన్నదాన్ని బట్టి కూడా.

మరి తెలుగువాళ్ల మాటని వినడానికి ఇన్నాళ్లూ డబ్బు ఎవరు పెట్టారు? గ్రియర్సన్ భారత భాషల సర్వేని మద్రాసు రాజధానిలోనూ హైదరాబాదు సంస్థానంలోనూ జరపలేదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్లు పెట్టారు. ఆయన సవర భాషా గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది 1931లో. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసేటప్పుడు వ్యావహారిక భాషోద్యమం గుర్తు చేసుకుంటాం. కొండ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలన్న సంగతి ఉపన్యాసాల్లో రాదు.

తర్వాత ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి గారి చేత మాండలిక వృత్తి పదకోశం చేయించింది. వ్యవసాయ పదాల సంపుటి 1962లో, చేనేత పదాల సంపుటి 1971లో వచ్చాయి. ప్రభుత్వ సొమ్ముతో పల్లెటూరి మాటని కాగితం మీద పెట్టిన గొప్ప పని అది. అయితే అక్కడ వెతికింది వృత్తి పదాలు. పిల్లల నోటి మాట ఆ పని పరిధిలో లేదు. తెలుగు పిల్లలు పదం మధ్యలో వచ్చే సంయుక్త హల్లులు ఎలా నేర్చుకుంటారో చెర్వెల నిర్మల గారి వ్యాసం 1981లో 'జర్నల్ ఆఫ్ చైల్డ్ లాంగ్వేజ్' పత్రికలో వచ్చింది. అంటే దారి వేసినవాళ్లు ఉన్నారు. ఆ దారిని మన వాడల దాకా తీసుకురావడమే మిగిలింది.

డబ్బు పెడితే ఏమవుతుందో తెలియాలంటే అమెరికా నల్లజాతివాళ్ల అనుభవం చూడాలి. 1965 నుంచి 1968 దాకా న్యూయార్క్ హార్లెంలో నల్లజాతి పిల్లల మాట మీద విలియం లబావ్ బృందం పనిచేసింది. ఖర్చు ప్రభుత్వ విద్యా కార్యాలయానిది. బృందంలో క్లారెన్స్ రాబిన్స్, జాన్ లూయిస్ అనే నల్లజాతి పరిశోధకులు కూడా ఉన్నారు. లియాన్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడిని ప్రశ్నలు అడిగితే ఒక్కో మాట గొణిగి ఊరుకున్నాడు. అడిగింది నల్లజాతి మనిషే అయినా అంతే. తర్వాత రాబిన్స్ చిప్స్ పొట్లం తెచ్చి, పిల్లాడి స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టి, తనూ నేల మీద కూర్చున్నాడు. అప్పుడు ఆ పిల్లలు ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ మాట్లాడారు. మాట రానిది పిల్లాడికి కాదు, ఆ గదిలో రాలేదు.

ఆ పరిశోధన అల్మరాలో ఉండిపోలేదు. మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ పేరున్న ప్రాథమిక పాఠశాలలోనే, పేద నల్లజాతి పిల్లల్ని చదువు రాని పిల్లల కింద జమకట్టారు. తల్లులు కోర్టుకెళ్లారు. జెనీవా స్మిథర్‌మన్ వాళ్ల వెనక నిలబడ్డారు, లబావ్ సాక్ష్యం చెప్పారు. 1979 జూలై 12న జడ్జి చార్లెస్ జాయినర్ తీర్పిచ్చారు: పిల్లల ఇంటి భాషని గుర్తించేలా ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చే పథకం వేయమని. 1983లో అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం కూడా ఏ మాండలికమూ మాట లోపం కాదని తన విధానంగా ప్రకటించింది. అరవైల్లో పరిశోధనకి పెట్టిన డబ్బు పదేళ్ల తర్వాత కోర్టులో సాక్ష్యమైంది. అందుకే పరిశోధన నిధులు మనకి హక్కుల విషయం అంటున్నాను.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మైసూరులో ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ 1965లో మొదలైంది. ముంబయిలో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ 1983లో వచ్చింది, సికింద్రాబాదులో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. 1992లో పునరావాస మండలి చట్టం వచ్చింది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడి పిల్లలకి చెవి జబ్బులూ వినికిడీ మాట ఆలస్యం అన్నీ చూడాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో మాట, భాషా వైకల్యాన్ని కూడా చేర్చింది. చట్టం ఉంది, పథకం ఉంది. పరీక్ష చేసే మనిషి చేతిలో మన పిల్లల కొలమానం లేదు.

ఇక ఫెలోషిప్ సంగతి. 2005-06లో రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ వచ్చింది. నా తరం దళిత పరిశోధకుల్లో చాలామందిమి దాని అన్నం తిన్నవాళ్లమే. అప్పుడు నెట్ రాయకపోయినా అర్హత ఉండేది. ఇప్పుడది ఎస్సీ జాతీయ ఫెలోషిప్. నెలకి 37,000 రూపాయలు, తర్వాత 42,000. కానీ ఎంపిక నెట్ జేఆర్‌ఎఫ్ మీద. ఇక్కడే మా అమ్మాయికి తలుపు తగిలింది. యూజీసీ నెట్ సబ్జెక్టుల జాబితాలో స్పీచ్ అండ్ హియరింగ్ లేదు. సీఎస్ఐఆర్ నెట్‌లోనూ లేదు. రిజర్వేషన్ ఉంది, ఫెలోషిప్ ఉంది, ఆమె చదివిన సబ్జెక్టుకి పరీక్షే లేదు. ఎవరూ ఆమెని కులం పేరుతో ఆపలేదు. ఫారంలో ఒక గడి లేదు, అంతే. ఈ కాలంలో చాలా తలుపులు ఇలాగే మూసుకుంటాయి.

దారులు లేవని కాదు. పీజీ సబ్జెక్టు జాబితాలో లేనివాళ్లు దగ్గరి సబ్జెక్టులో నెట్ రాయొచ్చు. మా అమ్మాయి లింగ్విస్టిక్స్‌లో రాస్తోంది. ధ్వనిశాస్త్రం ఆమె చదివిందే. చారిత్రక భాషాశాస్త్రం, వాక్యనిర్మాణం నేను చెబుతున్నాను. చెవి పరీక్ష, థెరపీ గురించి ఆమెకి తెలిసినదంతా ఆ పరీక్షలో పెద్దగా అక్కరకి రాదు. రెండో దారి మైసూరు సంస్థ. తన పీహెచ్‌డీ విద్యార్థులకి తనే ఫెలోషిప్ ఇస్తుంది, సీట్లు కొద్ది. మూడోది ఐసీఎస్ఎస్ఆర్ డాక్టొరల్ ఫెలోషిప్. సామాజిక శాస్త్రాల కోణంలో ప్రతిపాదన రాస్తే అడగొచ్చు. నాలుగోది విదేశాల్లో చదువుకి ఎస్సీ విద్యార్థులకిచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. అయితే 2022 నిబంధనల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలు చేసేవాళ్లకి ఇవ్వమని రాశారు. ఇక మైలవరం వాడ పిల్లల మాట వైద్యమా, సామాజిక అధ్యయనమా? శీర్షిక పెట్టేటప్పుడే ఆలోచించుకోవాలి.

బాబాసాహెబ్ 1913లో అమెరికా వెళ్లింది బరోడా మహారాజు ఇచ్చిన నెలకి పదకొండున్నర పౌండ్లతో. అది మూడేళ్లకి. గడువు అయిపోగానే 1917లో లండన్ చదువు సగంలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టుకుని, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయమూ స్నేహితుడి అప్పూ కలుపుకుని 1920లో మళ్లీ వెళ్లారు. అంతటి మేధావికి కూడా పరిశోధన మధ్యలో డబ్బు ఆగితే మూడేళ్లు పోయాయి. మన పిల్లల్లో ఎందరికి రెండోసారి ఓడ ఎక్కే వీలుంటుంది?

అందుకని మూడు పనులు. ఒకటి, నెట్‌లో స్పీచ్ అండ్ హియరింగ్ చేర్చమని విద్యార్థి సంఘాలు యూజీసీని అడగాలి. ఇది రోస్టర్ పోరాటమంత పెద్దది కాదు, ఒక వరుస చేర్చాలి. రెండు, మన భాషా విభాగాల్లో ఉన్నవాళ్లం ఈ పిల్లలకి లింగ్విస్టిక్స్ పాఠాలు ఉచితంగా చెప్పాలి. నేను ఆదివారాలు సిద్ధం. మూడు, ఎస్సీ ఉపప్రణాళిక నిధుల గురించి మాట్లాడేటప్పుడు రోడ్లతో పాటు పరిశోధన కూడా అడగాలి. 2013లో పదేళ్లకని తెచ్చిన ఆ చట్టాన్ని 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. వాడ పిల్లల చెవులు, మాట దాని పరిధిలోకి రావా?

పోయిన వేసవిలో మా అమ్మాయి వాళ్ల మావయ్యకి, అంటే నా తమ్ముడికి, వినికిడి పరీక్ష చేయించింది. రెండు చెవుల్లోనూ కర్ణభేరికి రంధ్రాలున్నాయట. చిన్నప్పుడే చూపించి ఉంటే మందులతోనో ఆపరేషన్‌తోనో చాలావరకు బాగుపడేదట. ఇప్పటికీ ప్రయత్నించొచ్చంది. వాడు కాగితం మీద గీతలు చూస్తూ కాసేపు ఊరుకున్నాడు. తర్వాత అడిగాడు: "అయితే నేను మొద్దుని కాదన్నమాట." వాడి వయసు ముప్ఫై దాటింది.

మీ వాడలో "వాడికి మాట తిరగదు" అనిపించుకుంటున్న పిల్ల ఉంటే, ముందు చెవి పరీక్ష చేయించండి. తర్వాత ఆ పిల్ల మాటని వాళ్లమ్మ మాటతో పోల్చి చూడండి. స్పీచ్ థెరపీ చదువుతున్న మన పిల్లలు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి. వచ్చే భాగంలో వాళ్లకోసం ఫెలోషిప్ ప్రతిపాదన ఎలా రాయాలో వివరంగా రాస్తాను.

జై భీమ్.